వంక విస్తీర్ణం సరే, వాన సంగతేంటి?

2021 నవంబరులో తిరుపతిలో ఉన్నవాళ్లకు ఆ వాన గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఘాట్ రోడ్డు మీద విరిగిపడ్డ కొండచరియలు, దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారి, రాయలచెరువు కట్ట మీద ఇసుక బస్తాలు, అన్నీ చూశాం. అప్పుడు అందరి నోటా ఒకటే మాట, ‘ఇంత వాన ఎవరు ఊహించారు?’ అని. ఊహించమని ఎవరూ అడగలేదండి, ఏ వంకకు ఎంత వరద వస్తుందో లెక్క వేయమన్నారు. ఆ లెక్క దగ్గరే నా గొడవ.

కొండల మీంచి ఊళ్ల మీదికి దిగే చిన్న వంకల్లో చాలావాటికి నీళ్లు కొలిచే స్కేలు లేదు. మరి అలాంటి వంక మీద కల్వర్టు కట్టాలంటే ఎంత వరద వస్తుందని అనుకోవాలి? పాత అలవాటు రైవ్స్ ఫార్ములా, 1884 నాటిది, మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టింది. వంకలోకి నీళ్లొచ్చే ప్రాంతం విస్తీర్ణం ఎన్ని చదరపు కిలోమీటర్లో చూసి, దానికి మూడింట రెండు ఘాతం వేసి, ఒక గుణకం పెట్టి గుణిస్తే అయిపోయింది. తీరానికి 80 కిలోమీటర్ల లోపలైతే 6.8, అది దాటి 160 దాకా 8.5, కొండల దగ్గరైతే 10.2. ఇందులో వాన ఎక్కడుందో వెతకండి. వరద లెక్కలో వాన లేదు!

పది చదరపు కిలోమీటర్ల వంక తీసుకుందాం. ఉన్నవాటిలో పెద్ద గుణకం 10.2 పెట్టినా వచ్చేది సెకనుకు దాదాపు 47 ఘనపు మీటర్లే. ఇప్పుడు అదే వంక మీద రోజుకు 200 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. గంటకు ఎనిమిదేగా అని 24తో భాగించి కూర్చుంటే మోసపోయినట్టే, ఎందుకంటే ఏటవాలు వంకలో కొండ మీది చుక్క గంటలోపే కిందికి వచ్చేస్తుంది, కాబట్టి ఆ రోజులో అన్నిటికన్నా గట్టిగా కురిసిన గంటే మనకు ముఖ్యం. వాతావరణ శాఖ వాడే ఘనమూలం సూత్రం పెడితే, అంటే 24తో కాక 24 ఘనమూలంతో భాగిస్తే, ఆ ఒక్క గంటకు దాదాపు 69 మిల్లీమీటర్లు వస్తాయి. పడిన నీటిలో అరవై శాతం పారిందనుకున్నా సెకనుకు 115 ఘనపు మీటర్లు. నలభై ఏడు ఎక్కడ, నూట పదిహేను ఎక్కడ! పైగా రోజువారీ వాన కొలత ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. రాత్రి మొదలై పొద్దున పదకొండుకు తగ్గిన వాన రెండు రోజుల ఖాతాలో చీలిపోతుంది, రికార్డు చూసినవాడికి రెండూ మామూలు వానల్లాగే కనబడతాయి.

ప్రతి కల్వర్టుకూ వందేళ్ల వాన లెక్క పెడితే డబ్బులెక్కడివి అంటారు. నిజమే, నేనూ అన్నిటికీ అడగడం లేదు. కానీ వందేళ్ల వాన అంటే వందేళ్లకోసారి వచ్చేది కాదు, ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్నది. ముప్పై ఏళ్లు అదే ఇంట్లో ఉంటే ఒక్కసారైనా చూసే అవకాశం 26 శాతం. ఎన్నేళ్ల వానకు కట్టారో కల్వర్టు మీద రాసి పెట్టండి, చాలు.

ఇంకో సంగతి. స్కేలు లేని వంక కూడా సాక్ష్యం వదిలిపోతుంది, గోడల మీద బురద చార. ఆ చార ఎత్తు, వంక వాలు, వెడల్పు, అడుగు ఎంత గరుకో తెలిస్తే ఎన్ని నీళ్లు పారాయో వెనక్కి లెక్కగట్టొచ్చు, అందుకు వాడే మ్యానింగ్ సూత్రం బీటెక్ పిల్లలకు కూడా వచ్చు. చెరువు ఏ ఏడు నిండి మొరవ పోయిందో ఊళ్లో ముసలోళ్లను అడిగినా చెబుతారు. మనం అడగం, ఉన్న గుర్తులూ ఉంచం. మా వీధిలో ఆ చార డిసెంబరంతా ఉంది, సంక్రాంతికి అందరం సున్నాలు కొట్టించేశాం. నేను మాత్రం గేటు స్తంభం మీద మేకుతో గీత గీసి టేపు పెట్టి చూశాను, రోడ్డు నుంచి రెండడుగుల మూడంగుళాలు. ‘వాస్తు గీతా సార్?’ అని పక్కింటాయన నవ్వాడు.

మొన్న వీధి చివర కొత్త కల్వర్టుకు కొలతలు తీసుకోవడానికి ఇద్దరు వచ్చారు. పిలిచి గీత చూపించాను. ఒకాయన మర్యాదగానే చూసి, ‘అక్కర్లేదండి, మా దగ్గర విస్తీర్ణం ఉంది’ అన్నాడు.