గంజు మారింది, మంట మారలేదు

సర్వపిండి చేసే తీరు ఓరుగల్లు, కరీంనగర్ దిక్కు పుట్టి పెరిగినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు వేసి కలిపిన బియ్యప్పిండిని గంజు లోపల పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి, మూతపెట్టి సన్నటి మంట మీద కాలనిస్తారు. ఒకటి దిగాక ఆ వేడి గంజును బోర్లించి చల్లటి నీళ్లు పోస్తారు. చల్లారితే తప్ప రెండోది ఒత్తడం కుదరదు. సిల్వర్ గంజుతో, ఇత్తడి గంజుతో తరాలుగా నడిచిన పద్ధతి ఇది. ఇప్పుడు హనుమకొండ, వరంగల్ ఇళ్లలో చాలామంది ఇదే పిండిని నాన్‌స్టిక్ కడాయిలో ఒత్తుతున్నారు. అడుగంటదు, నూనె తక్కువ పడుతుంది. కానీ నీళ్లు పోసే అలవాటు మాత్రం మారలేదు. కాలిన కడాయి మీద చల్లటి నీళ్లు పడగానే అడుగు వంగుతుంది, పైనున్న పూత పట్టు వదులుతుంది. అట్లా ఒక పండుగ గడిచేసరికి నల్లటి పొర అక్కడక్కడా లేచిపోయి, కింది తెల్లటి లోహం కనబడుతుంది.

తప్పు ఆడవాళ్లది కాదు. వాళ్ల చేతికి కొత్త పాత్ర వచ్చింది గానీ, దాన్ని వాడే పద్ధతి ఎవరూ చెప్పలేదు.

ఆ నల్లటి పూతను పీటీఎఫ్ఈ అంటారు. టెఫ్లాన్ దాని వ్యాపార నామం. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలో అనుకోకుండా బయటపడిన పదార్థమిది. దేనితోనూ కలవకపోవడం దాని గుణం. అందుకే ఒక పెచ్చు ఊడి కూరలో పడి కడుపులోకి పోయినా అది అరగదు, అలాగే బయటికి వెళ్లిపోతుంది. దోసె మీద నల్లటి రేకు కనబడగానే క్యాన్సర్ వస్తుందని టెన్షన్ పడాల్సిన పని లేదు. అసలు ప్రమాదం వేడిలో ఉంది. 260 డిగ్రీలు దాటితే ఈ పూత చెడిపోవడం మొదలవుతుంది. 350 దాటితే విరిగి విషపు పొగలు వదులుతుంది. ఆ పొగ పీల్చిన మనిషికి కొన్ని గంటల్లో చలిజ్వరం, దగ్గు, ఛాతీ బిగుసుకుపోవడం వస్తాయి. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి కాబట్టి ఏదో వైరల్ జ్వరం అనుకుని ఊరుకుంటారు. పక్షుల ఊపిరితిత్తులు మరీ సున్నితం. వంటింటి పక్కన పంజరంలో ఉన్న లవ్‌బర్డ్స్ ఈ పొగకు నిమిషాల్లో చనిపోగలవు.

మన పొయ్యి మీద అంత వేడి ఎక్కడ పుడుతుందని అడగొచ్చు. కూర ఉడికేటప్పుడు పుట్టదు. నీళ్లున్నంతసేపు గిన్నె 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. చిక్కంతా ఖాళీ పెనంతోనే. స్టవ్ పెద్దగా పెట్టి, పెనం కాలేలోపు ఉల్లిగడ్డ కోసుకుందామని పక్కకు తిరిగితే, కొద్ది నిమిషాల్లోనే అది 260 దాటిపోగలదు. ఇనుప పెనం అయితే ఏమీ కాదు, ఇంకా మంచిది కూడా. జొన్నరొట్టెకు ఎర్రగా కాలిన పెనమే కావాలి. ఆ రొట్టెను నాన్‌స్టిక్ మీద కాల్చొద్దని మేము గట్టిగానే చెబుతాం. సంక్రాంతి సకినాలకూ అది పనికిరాదు. వాటిని కాల్చే నూనె గంటల తరబడి 170, 180 డిగ్రీల వేడిలో ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో నాన్‌స్టిక్‌కు 170 డిగ్రీలు దాటనివ్వొద్దనే హెచ్చరించింది. ఖాళీగా పొయ్యి మీద ఉంచొద్దని, పూత పోతే పారేయాలని కూడా చెప్పింది. ఇంట్లో ఎవరి దగ్గరా ఉష్ణమాపకం ఉండదు, నిజమే. రిఫైన్డ్ పల్లినూనె నుంచి పొగలు వచ్చాయంటే వేడి 230 డిగ్రీల దరిదాపుల్లో ఉందని గుర్తు. వెంటనే స్టవ్ తగ్గించి, కిటికీ తెరవాలి. ముందే నూనెనో నీళ్లనో పోసి, మధ్యస్థ మంట మీద వండితే ఆ భయం ఉండదు. చెక్క గంటె వాడాలి, స్టీల్ పీచు ముట్టించొద్దు, చల్లారాకే కడగాలి.

దుకాణాల్లో 'పీఎఫ్ఓఏ ఫ్రీ' అని పెద్ద అక్షరాలతో అమ్ముతున్నారు. పూత తయారీలో ఒకప్పుడు వాడిన రసాయనం అది. అమెరికాలో ఒక ఫ్యాక్టరీ నుంచి తాగునీటిలో కలిసి వేలమందిని కోర్టుకెక్కించింది. అక్కడి నిపుణుల బృందం దానికీ మూత్రపిండాల క్యాన్సర్‌కూ, థైరాయిడ్ జబ్బుకూ సంబంధం ఉండే అవకాశమే ఎక్కువని తేల్చింది. 2019లో ప్రమాదకర రసాయనాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం దాన్ని నిషేధ జాబితాలో చేర్చింది, 2023 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది. అది లేకపోవడం మంచిదే. కానీ ఆ మాట చూసి ఈ పెనాన్ని ఎంత మంట మీదైనా పెట్టొచ్చనుకుంటే పొరపాటు. అతిగా కాలితే విరిగేది పీటీఎఫ్ఈ. పీఎఫ్ఓఏ లేని పెనంలోనూ అది ఉంటుంది.

అట్ట మీద ఈ తేడా తెలుగులో రాసి ఉంటే ఎవరైనా చదువుకునేవారు. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం వివరాలు హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటే చాలు. వరంగల్ స్టేషన్ రోడ్డులోనో నర్సంపేట అంగడిలోనో కొనే అమ్మకు ఆ చిన్న అక్షరాలు ఎందుకు పనికొస్తాయి? 2024 మార్చిలో కేంద్రం స్టీల్, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అంగళ్లలో ఆ గుర్తు లేని పాత్రలు అమ్ముతున్నారేమో అధికారులు తిరిగి చూడాలి. పూత ఏమిటి, ఎంత వేడి దాకా తట్టుకుంటుంది, ఎప్పుడు పారేయాలి అన్న మూడు ముక్కలూ పెనంతో పాటు తెలుగులో రావాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని, కంపెనీలను అడగాలి. అప్పటిదాకా మహిళా సంఘాల సమావేశాల్లో, అంగన్‌వాడీల్లో పది నిమిషాలు ఈ సంగతి మాట్లాడించినా మేలే.

ఇంకొక్క మాట. పూత లేచిన పెనాన్ని మనం పారేయం. ఇంట్లో పనిచేసే అమ్మకు ఇచ్చి, దానం చేశామనుకుంటాం. ఆమె దాంట్లో చింతపండు పులుసు కాస్తుంది, తేలిన అల్యూమినియం ఆ పులుపుకు కరిగి ఆమె పిల్లల కంచంలోకి పోతుంది. గీతలు పడిందని మన పిల్లలకు వద్దనుకున్న పాత్ర ఆమె పిల్లలకూ వద్దు. దాన్ని పాత సామాన్ల వాళ్లకు వేసి, ఇవ్వాలనిపిస్తే ఒక ఇనుప పెనం కొనివ్వండి.