శాంపిల్ చూపించు నైనా

తిరుపతి బస్టాండుకు దగ్గరలో ఉన్న ఒక లాడ్జీ యజమాని, పేరు మనకు అనవసరం, తమ లాడ్జీకి వెబ్‌సైట్ కావాలని ఈ మధ్య నాకు కబురు పంపారు. ప్రతిపాదన రాసి పంపమన్నారు, పంపాను. దాన్ని తెరిచి చూసే శ్రమ కూడా పడకుండా ఆయన ఫోన్ చేసి, "ఈ కాయితాలన్నీ ఎందుకు నైనా, ముందు మొదటి పేజీ, రూముల బుకింగ్ పేజీ శాంపిల్‌గా చేసి చూపించు. నచ్చితే చూద్దాం. దుడ్లు యాడికి పోతాయి?" అని సెలవిచ్చారు. దుడ్లు యాడికి పోతాయో ఆయనకే తెలియాలి గానీ, యాడికి రావో మాత్రం ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

మంచి ప్రతిపాదన ఎలా రాయాలో చెప్పే పెద్దలకు లోటు లేదు, వారు చెప్పేది తప్పూ కాదు. మన గొప్పలతో కాకుండా ఎదుటివారి ఇబ్బందితో మొదలుపెట్టాలి. ఏ పని చేస్తామో, దానితో పాటు ఏ పని చేయమో కూడా రాయాలి. మార్పులు ఎన్నిసార్లు, గడువు ఎప్పుడు, అడ్వాన్సు ఎంత, మిగతా విడతలు ఎప్పుడెప్పుడు, ఈ ధర ఏ తేదీ వరకు చెల్లుతుంది అన్నవి తేటగా ఉండాలి. ఇవన్నీ నేనూ పాటించాను. అర్ధరాత్రి రైలు దిగిన యాత్రికుడికి రూము ఖాళీ ఉందా, అద్దె లెక్క 24 గంటలదా లేక మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికా, వేడినీళ్ళు ఎన్నింటికి వస్తాయి, అలిపిరికి ఎంత దూరం అన్న నాలుగు ప్రశ్నలకు ఫోన్‌లో జవాబు దొరికితే, కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రవాడు రాత్రంతా అవే మాటలు చెప్పే బాధ తప్పుతుందని మొదటి పేరాలోనే రాశాను. చదివి ఉంటే నచ్చేదేమో. అసలు చదవని మనిషికి ప్రతిపాదన ఎలా రాయాలో మాత్రం ఏ పెద్దలూ ఇంతవరకు చెప్పలేదు.

అయినా పెద్దల మాట కాదనకూడదు. శాంపిల్ ముందు, దుడ్లు తర్వాత అన్నదే ధర్మమైతే, అది నాలాగా ఉద్యోగం లేకుండా సొంతంగా పనులు పట్టుకుని చేసే ఫ్రీలాన్సర్లకే పరిమితం కావడం అన్యాయం. లాడ్జీలకు కూడా దాన్ని వర్తింపజేయాలని నా సవినయ మనవి. తెల్లవారుజామున మూడు గంటలకు బళ్ళారి బస్సు దిగి, పిల్లాజెల్లాతో ఎనిమిది మంది కుటుంబం కౌంటరు ముందు నిలబడుతుంది. ఇంటి పెద్దాయన ఆధార్ కార్డు తీయడు. "మీతో కలిపి ఆరు లాడ్జీలను అడుగుతున్నాం. మా నిద్ర అవసరాలను మీరు ఏ మేరకు అర్థం చేసుకున్నారో రెండు పేజీలలో రాసివ్వండి" అంటాడు. కౌంటరు కుర్రవాడు కళ్ళు నులుముకుంటూ రాసిస్తాడు. పెద్దాయన దాన్ని చదవకుండా మడిచి జేబులో పెట్టుకుని, "ఇదంతా ఎందుకులే అబ్బయ్యా, ఒక రాత్రి శాంపిల్‌గా పడుకుని చూస్తాం" అంటాడు. పడుకుంటారు. ఏసీ వేయించుకుంటారు, వేడినీళ్ళు పట్టించుకుంటారు. పొద్దున్నే దిండ్లు కొంచెం మెత్తగా, గోడలు ఇంకొంచెం లేత నీలంగా ఉంటే బాగుంటుందని మార్పులు సూచించి, రెండో రాత్రి కూడా శాంపిల్‌గానే పడుకుంటారు. మూడో రోజు కొండకు వెళ్ళి, దర్శనం చేసుకుని, గుండ్లతో తిరిగి వచ్చి, సామాను సర్దుకుంటూ, "అంతా బాగానే ఉంది గానీ, మా మేనల్లుడికి కొర్లగుంటలో ఇల్లుంది, వాడు తక్కువలో చూసుకుంటానన్నాడు. మీ దుప్పట్లు మాత్రం మాకు బాగా నచ్చాయి, తీసుకెళుతున్నాం" అని చెప్పి ఆటో ఎక్కుతారు. యజమాని వెంటపడితే, పెద్దాయన ఆటోలోంచి తల బయటికి పెట్టి అడుగుతాడు: "దుడ్లు యాడికి పోతాయి సామీ?"

బయటి దేశాల పని వెతుక్కుంటే ఈ గొడవ ఉండదని కొందరు సలహా ఇస్తారు. అక్కడ గొడవకు కూడా ధర ఉంది. ఫ్రీలాన్సర్లకు పనులు చూపించే అప్‌వర్క్ వెబ్‌సైట్‌లో ప్రతిపాదన పంపాలంటే కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చు పెట్టాలి, కొనుక్కుంటే ఒక్కొక్కటి 0.15 డాలరు, ఒక్క ప్రకటనకు అవి ఎన్నో కావాలి. పని దొరికినా దొరకకపోయినా అవి చాలావరకు పోయినట్టే. ఎంత పోతుందో ముందే చెప్పడం అక్కడి మర్యాద.

ఇక్కడ పోయేదానికి లెక్క లేదు. తిరుపతి చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల నుంచి బయటపడి, ఇంట్లో వాళ్ళకు ఇంకా భారం కాకూడదని ఈ పనిలోకి దిగిన పిల్లలు, ఒక్క అవకాశం కోసం రాత్రిళ్ళు మేలుకుని శాంపిళ్ళు చేసి పంపుతారు. పంపాక, అడిగినవాళ్ళు ఫోన్ ఎత్తరు. రెండు నెలలకు అదే లోగో, అవే రంగులు, అదే వాక్యం దుకాణం ముందు ఫ్లెక్సీ మీద కనిపిస్తాయి. అడిగితే మేనల్లుడు చేశాడంటారు. ఇది చమత్కారం కాదు, లౌక్యం కాదు, వ్యాపార దక్షత అంతకన్నా కాదు. ఇది దొంగతనం. కాపీరైట్ చట్టం 1957 నుంచీ ఉంది. ఒకరి కింద ఉద్యోగంలో ఉండి చేసినది కాకపోతే, డబ్బు తీసుకోకుండా చేసి ఇచ్చిన బొమ్మకు, రాతకు తొలి హక్కుదారు చేసినవారే. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే సంతకంతో కూడిన రాత ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. వాట్సాప్‌లో పెట్టిన బొటనవేలు బొమ్మ సంతకం కాదు. హోటల్లో రెండు ఇడ్లీలు తిని లేచిపోతే కాలర్ పట్టుకునే ఊరిలో, ఇరవై రెండేళ్ళ పిల్ల వారం రోజుల పనిని మింగేసినవాడిని పెద్దమనిషి అంటున్నాం. సిగ్గుపడవలసింది ఆ పిల్ల కాదు.

కాబట్టి ప్రతిపాదనలో ఇకనుంచి ఒక వాక్యం ఉండాలి: "నమూనాకు రుసుము ఇంత, పని ఖాయమైతే మొత్తంలో తగ్గిస్తాం, పూర్తి సొమ్ము అందేవరకు హక్కులన్నీ మావే." ఊరికే చూడాలనుకునేవారికి పాత పనులు చూపించవచ్చు, అందుకే అవి ఉన్నాయి. సూక్ష్మ, చిన్న వ్యాపారంగా ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసుకున్నవారు ఇంకో వాక్యం కూడా చేర్చుకోవచ్చు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, ఏ ఒప్పందం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. చక్రవడ్డీ అన్న మాటను మాత్రం మనవాళ్ళు తప్పకుండా చదువుతారు.

రుసుము మాట వినగానే కొందరు ఫోన్ పెట్టేస్తారు. పెట్టేయనివ్వండి. పెట్టేసే ముందు ఆ మేనల్లుడి నంబరు ఒకటి అడిగి తీసుకోండి. అతనికి కూడా ఇంతవరకు దుడ్లు ఇచ్చి ఉండరు.