రుంగ్‌హోల్ట్‌ది పాపఫలం అనకండి

జర్మనీ ఉత్తర తీరంలో సూడ్‌ఫాల్ అనే చిన్న దీవి ఉంది. ఆటు సమయంలో దాని చుట్టూ నీళ్లు వెనక్కి పోయి బురద నేల బయటపడుతుంది. గత శతాబ్దంలో ఆ బురదలో నాగలి చాళ్లు, బావుల ఆనవాళ్లు కనిపించాయి. చాళ్లంటే ఎవరో ఎద్దులు కట్టి దున్నిన పొలం. ఇప్పుడది సముద్రం.

ఆ ఊరు రుంగ్‌హోల్ట్. 1362 జనవరి 16న వచ్చిన ఉప్పెనలో పోయింది. కథ అడిగితే ఇప్పటికీ ఒకటే చెబుతారు: డబ్బు మదంతో కొందరు పందికి తాగించి, మంచం మీద పడుకోబెట్టి, రోగి చావుబతుకుల్లో ఉన్నాడని ఫాదర్‌ని పిలిపించారట. దేవుడు ఊరినే ముంచేశాడట. మొన్న ఒక వీడియోలో మళ్లీ ఇదే విని ఒళ్లు మండింది. మునిగిన వాళ్లలో చంటిపిల్లలు లేరా?

అసలు సంగతి వాళ్ల కాళ్ల కిందే ఉంది. అక్కడి నేలలో పీట్ పొర ఉండేది, అంటే కుళ్లిన మొక్కలతో పేరుకున్న, ఎండితే మండే మట్టి. సముద్రపు ఉప్పు పీల్చుకున్న ఆ మట్టిని తవ్వి, ఎండబెట్టి, కాల్చి, బూడిదను నీళ్లలో కలిపి మరిగించి ఉప్పు తీసేవారు. చేపలు, మాంసం నిల్వకు ఉప్పు కావాలి కాబట్టి మంచి ధర. తవ్విన కొద్దీ నేల దిగింది. సాగు కోసం కాలువలు తీసి నీళ్లు తోడేస్తే మిగిలిన పీట్ ఎండి ఇంకా కుంగింది. పైగా అంతకు పదేళ్లకు పైగా ముందు వచ్చిన ప్లేగు తర్వాత కరకట్టలు చూసుకునే మనుషులే తగ్గిపోయారు. కట్ట తెగాక లోపలికొచ్చిన నీళ్లు మళ్లీ బయటికి పోలేదు.

నెదర్లాండ్స్‌లోనూ ఇదే వరస. పీట్ నేలలు కుంగాయి, 1287 డిసెంబరు ఉప్పెనతో జౌడర్‌జే అనే సముద్రపు పాయ ఇంకా లోపలికి చొచ్చుకొచ్చింది. దానికి అడ్డంగా ఆనకట్ట పూర్తయింది 1932లో. రుంగ్‌హోల్ట్ ఉన్న స్ట్రాండ్ దీవి అయితే 1634లో మళ్లీ వచ్చిన ఉప్పెనకు ముక్కలైంది. నార్డ్‌స్ట్రాండ్, పెల్‌వార్మ్ దాని ముక్కలే.

ప్రకృతి వైపరీత్యం అనేసి ఊరుకోవడం కూడా నాకు పంది కథ లాంటిదే అనిపిస్తుంది. గాలి మన చేతిలో లేదు, నిజమే. నేల ఎంత దిగిందన్నది మాత్రం మనుషుల పనే.

2023లో పరిశోధకులు బురద కింద పెద్ద చర్చి పునాదుల జాడ పట్టారు, సుమారు 40 మీటర్లు పొడవు, 15 వెడల్పు. ఆ చుట్టుపక్కల మిగిలిన ఆనవాళ్లు చాలావరకు కోసుకుపోయాయట. ప్రతి ఆటుపోటుకూ ఇంకొంచెం పోతూనే ఉంది.