బిట్ బ్యాంకుతో నెట్‌వర్క్ నడవదు

సిసిఎన్‌ఏ, నెట్‌వర్క్ ప్లస్ లాంటి కంప్యూటర్ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్షలకు చదివేవాళ్ల వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లోకి వెళ్లి చూడండి. మాటిమాటికీ కనిపించే ప్రశ్న ఒకటుంది: ‘‘అన్నా, ఈ నెల డంప్స్ వ్యాలిడేనా?’’ అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నల్ని దొంగతనంగా బయటికి తెచ్చి, జవాబులు టిక్కు పెట్టి పీడీఎఫ్‌గా అమ్మే సరుకే ఈ డంప్స్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్ద కాలేజీలో బీటెక్ చదివే అవకాశం దొరకని వాళ్లకు, డిప్లొమానో బీఎస్సీనో బీకామో చేసి ఐటీలోకి రావాలనుకునే వాళ్లకు నెట్‌వర్కింగ్ ఇప్పటికీ మంచి దారి. డంప్స్ బట్టీ కొట్టి ఆ దారిలోకి వచ్చేవాళ్లు మాత్రం తమ డబ్బు పెట్టి తామే మోసపోతున్నారు.

పరీక్ష సంగతి చదువుతున్న వాళ్లకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో 1998లో మొదలుపెట్టిన సిసిఎన్‌ఏ, 2020 ఫిబ్రవరి నుంచి 200-301 అనే ఒకే పరీక్షగా నడుస్తోంది. సమయం 120 నిమిషాలు. డిగ్రీ ఉందా అని అడగరు, ముందు ఇంకో పరీక్ష పాసయ్యావా అనీ అడగరు. ఒక ప్రశ్న దాటితే మళ్లీ వెనక్కి రావడం కుదరదు. కమాండ్లు కొట్టి చూపించాల్సిన ల్యాబ్ ప్రశ్నలూ ఉంటాయి. పాసైతే సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. ఫీజు 300 డాలర్లు, అంటే పన్నుతో కలిపి పాతిక వేల రూపాయలు దాటుతుంది. కాంప్‌టియా అనే సంస్థ నడిపే నెట్‌వర్క్ ప్లస్ ఏ ఒక్క కంపెనీ పరికరాలకూ కట్టుబడి ఉండదు. అయినా మన దగ్గర సిసిఎన్‌ఏ పేరే ఎక్కువ వినిపిస్తుంది.

డిగ్రీ అడగరన్న ఆ ఒక్క మాట దగ్గరే నాకు ఈ పరీక్ష మీద గౌరవం. పాలిటెక్నిక్‌లో ఈసీఈ చేసిన కుర్రాడి కాలేజీ గేటు దాకా క్యాంపస్ ఇంటర్వ్యూల కంపెనీలు రావు. మండల కేంద్రంలో డిగ్రీ చేసిన అమ్మాయి రెజ్యూమెని కాలేజీ పేరు చూసే పక్కన పెడతారు. వాళ్లకు దొరికే మొదటి ఉద్యోగాలు నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో ఎల్1 (మొదటి స్థాయి సపోర్టు), ఫీల్డ్ ఇంజనీర్, ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర సపోర్టు. జీతం చిన్నది. నైట్ షిఫ్టులు తప్పవు. చాలాసార్లు థర్డ్ పార్టీ పేరోల్ మీదే తీసుకుంటారు. ఇవేవీ దాచి ఎవరినీ ఆశపెట్టకూడదు. కానీ ఈ ఉద్యోగాల్లో ఒక న్యాయం ఉంది. పని వచ్చినవాడెవడో, రానివాడెవడో పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఎలా తేలుతుందో చూడండి. ‘‘ఒక యూజర్ ఫోన్ చేసి ఇంటర్నెట్ రావట్లేదన్నాడు. ఏం చూస్తావు?’’ ఎల్1 ఇంటర్వ్యూల్లో ఎప్పటికీ పాతబడని ప్రశ్న ఇది. పని నేర్చుకున్న అమ్మాయి వెంటనే జవాబు చెప్పదు, ఎదురు ప్రశ్నలు వేస్తుంది. కేబుల్ దగ్గర లైటు వెలుగుతోందా? ఐపీ అడ్రస్ ఎంత చూపిస్తోంది? అది 169.254తో మొదలైతే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదని ఆమెకు అర్థమైపోతుంది. అప్పుడు పక్క సీటు వాళ్లకి వస్తోందా అని అడుగుతుంది. వాళ్లకి వస్తుంటే సర్వర్ బాగానే ఉన్నట్టు, ఈ ఒక్క పోర్టే వేరే వీల్యాన్‌లో, అంటే స్విచ్ లోపలే విడగొట్టిన ఇంకో నెట్‌వర్క్‌లో పడిందేమో చూడాలి. అడ్రస్ సరిగ్గానే ఉంటే బయటికి దారి చూపే రూటర్‌కి, అంటే గేట్‌వేకి, జవాబు వస్తుందో లేదో చూడటానికి పింగ్ కొట్టమంటుంది. అది వెళితే ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి కొట్టమంటుంది. అదీ వెళ్లి, వెబ్‌సైట్ పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే, తప్పు ఆ పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ వైపు ఉందని చెబుతుంది. ఇందులో బట్టీ పట్టిన వాక్యం ఒక్కటి కూడా లేదు. ఒక్కో అడుగుకీ సగం అనుమానాలు కొట్టేసుకుంటూ పోవడమే ఆమె చేసింది.

డంప్స్ చదివినవాడికి నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చెప్పే ఓఎస్‌ఐ మోడల్ ఏడు పొరల పేర్లు వరసగా వస్తాయి. ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ పద్ధతికి అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 110 అని ఠక్కున చెబుతాడు. ‘‘సరే, గేట్‌వేకి పింగ్ వెళ్లింది, బయటికి వెళ్లట్లేదు, తర్వాత?’’ అనగానే ఆగిపోతాడు. ఎందుకంటే ఈ ప్రశ్నకి ఎ, బి, సి, డి లేవు.

హైదరాబాద్‌లో ఐటీ కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అమీర్‌పేట ఆర్థిక వ్యవస్థ తెలిసినవాళ్లకు దీని విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, ఒకరి బదులు ఇంకొకరు కూర్చునే ప్రాక్సీ ఇంటర్వ్యూలు, ఉద్యోగం వచ్చాక పని రాకపోతే డబ్బులిచ్చి రాత్రిపూట ఇంకొకరితో చేయించుకునే ‘జాబ్ సపోర్ట్’, ఇవన్నీ హైదరాబాద్ నుంచి అమెరికా దాకా మనవాళ్లు కట్టుకున్న చీకటి వ్యాపారాలు. కోడింగ్ ఉద్యోగంలో ఈ వేషం నెలల తరబడి సాగొచ్చు. రాత్రి రెండింటికి ఒక బ్రాంచి లింకు పడిపోయి, అందరూ కలిసి మాట్లాడే బ్రిడ్జ్ కాల్‌లో ఇరవై మంది నిలబడి ‘‘ఏం కనిపిస్తోంది?’’ అని అడుగుతుంటే ఏ జాబ్ సపోర్టూ ఆదుకోదు. ఆ క్షణంలో రూటర్ ముందు ఉన్నది మీరు ఒక్కరే. మూడు నెలల్లో పంపించేస్తే, సర్టిఫికెట్ మీద పోసిన పాతిక వేలూ, దానికి ముందు ఇన్‌స్టిట్యూట్‌కి కట్టిన ఫీజూ నీళ్లపాలే.

ఖర్చు లేకుండా నేర్చుకునే దారి లేక ఇలా అవుతోందా అంటే అదీ కాదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ 1997 నుంచి ఉంది. కంప్యూటర్ తెర మీదే నెట్‌వర్క్ కట్టి చూసే వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. అందులో రెండు రూటర్లు పెట్టి, మధ్యలో తీగ కలిపి, అటొక కంప్యూటర్, ఇటొక కంప్యూటర్ పెట్టి పింగ్ కొట్టండి. నేర్చుకునే దాదాపు ప్రతి ఒక్కరూ ఒకచోట చిక్కుకుంటారు. మొదటి రూటర్‌లో స్టాటిక్ రూట్, అంటే చేత్తో రాసే దారి, రాస్తారు, అయినా పింగ్ పనిచేయదు. గంటసేపు కమాండ్ తప్పేమోనని అక్షరం అక్షరం చూస్తారు. కమాండ్ సరిగ్గానే ఉంటుంది. ప్యాకెట్ అవతలికి చేరింది, జవాబు తిరిగి రావడానికి రెండో రూటర్‌లో దారి రాయలేదు. ఆ గంట టెన్షన్ పడినవాళ్లు రూటింగ్ రెండు వైపులా ఉండాలన్న సంగతి జన్మలో మర్చిపోరు. డంప్స్ పీడీఎఫ్‌లో ఇదే విషయం రెండు లైన్ల జవాబుగా ఉంటుంది. చదివినవాడికి పరీక్ష హాల్లో మార్కు వస్తుంది, పని మాత్రం రాదు.

అడ్రస్‌లను చిన్న చిన్న నెట్‌వర్క్‌లుగా పంచే సబ్‌నెటింగూ అంతే. /26 అంటే 64 అడ్రస్‌లు, వాడుకోవడానికి 62 అని పట్టిక చూసి చెప్పడం వేరు. నలభై మంది ఉన్న ఆఫీసుకి /27 ఇస్తే గేట్‌వేకి ఒకటి పోను 29 మందికే సరిపోతుందని, మిగతా పదకొండు మంది సోమవారం పొద్దున ఫోన్ చేస్తారని ముందే ఊహించడం వేరు. రెండోది వచ్చినప్పుడే ఆ పిల్లకి, ఆ పిల్లాడికి నెట్‌వర్కింగ్ వచ్చినట్టు.

‘‘ఇప్పుడంతా క్లౌడ్, ఏఐ. రూటర్లు కాన్ఫిగర్ చేసే మనుషులెవరికి కావాలి?’’ అనేవాళ్లున్నారు. ఎల్1 పనిలో కొంత భాగాన్ని ఆటోమేషన్ మింగేస్తోంది, నిజమే. సిస్కో కూడా 2024 ఆగస్టు నుంచి సిసిఎన్‌ఏ సిలబస్‌లో ఏఐ అంశాలు చేర్చింది. కానీ క్లౌడ్ అనేది నెట్‌వర్క్ లేని చోటు కాదు. 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచిన అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో వీపీసీ (క్లౌడ్‌లో మన సొంత నెట్‌వర్క్) కట్టాలన్నా సబ్‌నెట్ లెక్క వేయాల్సిందే, రూట్ టేబుల్ రాయాల్సిందే. అక్కడ /28 తీసుకుంటే 16 అడ్రస్‌లలో 5 వాళ్లే అట్టిపెట్టుకుంటారు, మనకు మిగిలేవి 11. ఈ లెక్క తెలియనివాడు క్లౌడ్‌లోనూ బోల్తా పడతాడు. ఇక ఆటోమేషన్ సంగతంటారా? 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆరు గంటల పాటు ఆగిపోయాయి. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ మొత్తాన్ని తెంపేసింది. అలాంటి కమాండ్లను ఆపాల్సిన తనిఖీ సాధనంలోనే బగ్ ఉంది. చివరికి ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లి సరిచేయాల్సి వచ్చింది. విశాఖలో గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. ఆ భవనాల్లో తీగలు, స్విచ్‌లు ఉంటాయి. వాటిని చూసుకునే పని మన పిల్లలు చేస్తారా, బయటి నుంచి వచ్చినవాళ్లు చేస్తారా అన్నదే నాకున్న ఆరాటం.

మరి ఇంత తెలిసీ డంప్స్ ఎందుకు? ఒక కారణం ఫీజు భయం. ఫెయిలైతే ఐదు రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు, కానీ మళ్లీ 300 డాలర్లు కట్టాలి. అప్పు చేసి కట్టిన తండ్రి ముఖం గుర్తొస్తే ఏ పిల్లాడైనా గ్యారంటీ కోసం వెతుకుతాడు. ఆ పిల్లాడిని నేను తప్పుపట్టను. ‘పాస్ గ్యారంటీ’ అని ఫీజు తీసుకుని చివరి వారంలో డంప్స్ చేతిలో పెట్టే కోచింగ్ సెంటర్లను తప్పుపడతాను. అంతకంటే ముందు, ఆ పిల్లాడిని అలా తయారుచేసిన మన చదువును తప్పుపడతాను.

డంప్స్ అనే అలవాటు మన పిల్లలకు అమీర్‌పేటలో అంటలేదు. పదో తరగతిలోనే పుస్తకాల షాపులో గైడుతో పాటు బిట్ బ్యాంకు కొనిపించాం. పాఠం చదవకపోయినా బిట్లు వస్తే చాలన్నాం. ఇంటర్‌కి వచ్చాక అది ఇంకా ముదిరింది. ఎంపీసీ రెండో ఏడాదిలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు, కెమిస్ట్రీకి 30. ఎన్ని ప్రైవేటు కాలేజీల్లో పిల్లలు ఏడాది పొడవునా ల్యాబ్‌కి వెళుతున్నారు? ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కోచింగ్ నడిచే చోట పరీక్షకు వారం ముందు తాళం తీసిన ల్యాబ్‌లే ఎక్కువ. రికార్డు పక్కవాడిది చూసి ఎక్కిస్తారు, రీడింగులతో సహా. లోలకం పట్టుకోకుండానే జి విలువ 980 చుట్టూ వచ్చేలా టేబుల్ నింపేస్తారు.

కెమిస్ట్రీ ప్రాక్టికల్ మరీ ఘోరం. సాల్ట్ అనాలిసిస్ అంటే పేరు తెలియని లవణం ఇచ్చి, ఒక్కో పరీక్ష చేస్తూ అదేమిటో కనుక్కోమనడం. రంగు చూడాలి, వేడిచేసి చూడాలి, ఆమ్లం పోసి ఏ వాయువు వస్తుందో చూడాలి, కానిదాన్ని కొట్టేస్తూ అసలుదాని దగ్గరికి చేరాలి. పింగ్ కొడుతూ లోపం దగ్గరికి చేరిన అమ్మాయి చేసింది సరిగ్గా ఇదే. పదిహేడేళ్ల వయసులో ఆ ఆలోచన నేర్పడానికే సిలబస్‌లో ఆ ప్రయోగం పెట్టారు. మనం ఏం చేస్తున్నాం? ల్యాబ్‌లో ఎవరో ఒకరు వచ్చి సాల్ట్ పేరు చెవిలో చెబుతారు, పిల్లాడు జవాబు నుంచి మొదలుపెట్టి వెనక్కి పరిశీలనలు రాసుకుంటాడు. ముప్పైకి ముప్పై వేసి పంపిస్తాం. ఆ పిల్లాడు అయిదేళ్ల తర్వాత సిసిఎన్‌ఏకి డంప్స్ అడిగితే ఆశ్చర్యం దేనికి? జవాబు ముందే తెలుసుకోవడమే చదువని మనమే కదా నేర్పాం. అడ్డదారిని అడ్డదారి అని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఈ నష్టం నెట్‌వర్కింగ్‌తో ఆగదు. టెస్టు రిపోర్టు చేతికి రానిదే రోగిని ముట్టుకోని డాక్టరు, సైటు మీదికి వెళ్లకుండా సంతకం పెట్టే ఇంజనీరు, మోటారు కాలిపోతే విప్పి చూడకుండా కొత్తది కొనమనే మెకానిక్కు, వీళ్లందరూ అదే బడిలోంచి వస్తున్నారు. చేత్తో పట్టుకుని చూసి, ఎందుకు పనిచేయట్లేదో కనుక్కునే ఓపికని మార్కుల లెక్కలోంచి తీసేసిన రోజే మనం ఒక తరం నైపుణ్యాన్ని వదులుకున్నాం.

చేయాల్సినవి పెద్ద పథకాలేమీ కావు. సిసిఎన్‌ఏకి చదివేవాళ్లు పరీక్ష తేదీ బుక్ చేసే ముందు తమను తాము ఒకలా పరీక్షించుకోవచ్చు. ప్యాకెట్ ట్రేసర్‌లో పనిచేసే నెట్‌వర్క్ ఒకటి కట్టి, స్నేహితుడికిచ్చి నాలుగుచోట్ల చెడగొట్టమనండి. ఎక్కడ చెడగొట్టాడో చెప్పకూడదు. గంటలో నాలుగూ దొరికితే ఫీజు కట్టండి, దొరకకపోతే ఇంకో నెల ఆగండి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో ఉన్న కంప్యూటర్ ల్యాబ్‌లను కాలేజీ అయ్యాక సాయంత్రం రెండు గంటలు తెరిచి, పాసై వెళ్లిపోయిన పిల్లల్ని కూడా రానివ్వాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ లేనివాళ్లకు అదే ఆధారం.

ఇంటర్ ప్రాక్టికల్స్‌కి జంబ్లింగ్, అంటే వేరే కాలేజీలో పరీక్ష, పెడతామంటే ప్రైవేటు కాలేజీలు గగ్గోలు పెడుతూ వచ్చాయి. రెండు రాష్ట్రాల బోర్డులూ వచ్చే ఏడాది నుంచి ప్రతి విద్యార్థినీ వేరే కాలేజీ ల్యాబ్‌లో, ముందుగా తెలియని ఎగ్జామినర్ ముందు నిలబెట్టాలి. సాల్ట్ పేరు చెవిలో చెప్పినట్టు తేలిన కాలేజీకి ఆ ఏడాది ప్రాక్టికల్స్ సెంటర్ రద్దు చేయాలి.