ఊరికే తగిలించినారంట!

అనంతపురం శివార్లలో, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన వేపచెట్టు నీడలో ఉన్న ఒక లారీల షెడ్డులో మొన్న నేనొక శస్త్రచికిత్సను కళ్లారా చూశాను. నా పాత కారు సైలెన్సరుకు వెల్డింగు పెట్టించుకుందామని వెళితే, వంతు వచ్చేదాకా కూర్చోమని స్టూలు చూపించి చేతికి టీ గ్లాసు అందించారు. ఎదురుగా 2018 మోడలు పన్నెండు టైర్ల లారీ, క్యాబిను ముందుకు వంగి, సాష్టాంగపడినట్లు నిలబడి ఉంది. పొగను శుద్ధి చేసే యూరియా సరంజామాను దాని నుంచి ఊడబీకుతున్నారు. లారీ యజమాని చేతులు వెనక్కి కట్టుకుని, ఆసుపత్రి వరండాలో పచార్లు చేసే పెద్దకొడుకులా అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఏమబ్బీ, ఇదంతా పీకేస్తే బండికి ఏం గాదు గదా?" అని అతను మూడోసారి అడిగాడు. బండి కింది నుంచి మెకానిక్కు కూడా మూడోసారి అదే జవాబిచ్చాడు. "ఏం గాదున్నా. కంపెనీవాళ్లు ఊరికే తగిలించినారు."

ఊరికే! ఈ ఒక్క మాట నాకు వారం రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. స్టెప్నీ మొదలు తొట్టి దాకా ప్రతిదానికీ లెక్కగట్టి పైసా వదలకుండా వసూలు చేసే లారీ కంపెనీలు, ఒక యూరియా ట్యాంకును, దానికొక పంపును, ఒక పిచికారీ నాజిలును, సైలెన్సరులో ఒక ఉత్ప్రేరకాన్ని, వీటన్నిటి మీద నిఘాకు సెన్సార్లను మాత్రం ఊరికే, ఏదో ముచ్చటపడి, మన లారీలకు తగిలించాయట. ఆ ముచ్చట ఎటువంటిదో 2017 మార్చిలో దేశమంతా చూసింది. పాత కాలుష్య ప్రమాణమైన బీఎస్-3 బండ్లను ఏప్రిల్ 1 నుంచి అమ్మరాదని ఆ నెల 29న సుప్రీంకోర్టు తేల్చిచెప్పగానే, మిగిలిన రెండు రోజుల్లో షోరూముల ముందు రాయితీల తిరునాళ్లు జరిగింది. చట్టం మెడ మీద కూర్చుంటే తప్ప ఒక్క నట్టు కూడా అదనంగా బిగించని వ్యాపారమది. అటువంటి వారిలో దానగుణాన్ని కనిపెట్టిన ఘనత మన షెడ్డులకే దక్కుతుంది.

ఆ ట్యాంకులో పోసేది నూటికి 32.5 పాళ్ల యూరియా కలిపిన శుద్ధజలం. వంద లీటర్ల డీజిలు కాలితే ఇది నాలుగైదు లీటర్లు ఖర్చవుతుంది. వేడి పొగలోకి చల్లగానే యూరియా విడిపోయి అమ్మోనియా పుడుతుంది, ఆ అమ్మోనియా ఉత్ప్రేరకం మీద పొగలోని విషవాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టుకుని, మామూలు నత్రజనిగా, నీటి ఆవిరిగా మార్చి వదులుతుంది. ఇంజనుకు దీనివల్ల ఒరిగేది నిజంగానే ఏమీ లేదు. ఒరిగేదంతా లారీ బయట ఉన్నవాళ్లకు. "ఊరికే" అన్న మాటకు అర్థం నాకు అక్కడ బోధపడింది: లారీకి బయట ఉన్నవాళ్లందరూ ఆ పద్దు కిందికే వస్తారు.

ఇంతకూ ఆపరేషను సంగతి. మెకానిక్కు నాజిలు ఊడదీసి యజమాని అరచేతిలో పెట్టాడు. కుండ అడుగున ఉప్పు పేరుకున్నట్లు దాని మూతి చుట్టూ తెల్లగా గడ్డకట్టి ఉంది. "సూసినావా?" అన్నాడు, కిడ్నీలో రాయిని తీసి చూపించే సర్జనుకు ఉండే గాంభీర్యంతో. యజమాని తల పంకించాడు. ఆ గడ్డను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కడిగితే కరిగిపోతుందన్న సంగతి అక్కడ నాకు తప్ప అందరికీ తెలుసట. అది నాకు చెప్పినవాడు స్పానర్లు అందించే కుర్రవాడు. తరువాత అగ్గిపెట్టెకు రెండింతలున్న నల్లడబ్బా ఒకటి వచ్చింది, దాని తీగలను లారీ వైరింగుకు కలిపి టేపు చుట్టారు. ట్యాంకు నిండుగా ఉందనీ, పిచికారీ సక్రమంగా జరుగుతోందనీ, పొగ నిర్మలంగా ఉందనీ ఇంజను కంప్యూటరుకు రాత్రింబవళ్లు చెబుతూ ఉండటమే ఆ డబ్బాకు ఉద్యోగం. అది లేకపోతే కంప్యూటరుకు అనుమానం వచ్చి ఇంజను శక్తిని తగ్గించేస్తుంది. ఎండిన ట్యాంకును నిండుగా ఉన్నట్లు రాసిపెట్టే విద్య మన జిల్లాకు కొత్తదేమీ కాదు. కాకపోతే ఇంతకాలం అది చెరువుల రిజిస్టర్లకే పరిమితమై ఉండేది, ఇప్పుడు చక్రాలెక్కింది.

టీ చల్లారిపోతున్నా నేను ఆ లారీనే చూస్తూ కూర్చున్నాను. బంపరుకు నల్లని జడకుచ్చులు, నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ, అద్దం పైన ప్లాస్టిక్ బంతిపూలు, తొట్టికి నాలుక చాపిన రాక్షసుడి ముఖం, వెనక ఇరుసు దగ్గర వేలాడుతూ ఒంటి చెప్పు. వీటిలో ఏ ఒక్కదాన్నైనా "ఊరికే తగిలించినారు" అని ఎవరైనా అనమనండి చూద్దాం! ఆ చెప్పు పనిచేస్తోందనడానికి యజమాని రుజువు అడగలేదు, అడగడు. పైగా వెనక తలుపు మీద పచ్చరంగుతో "చెట్లను పెంచండి, కాలుష్యాన్ని నివారించండి" అని రాయించాడు. నివారించవలసిన బాధ్యత వెనక వచ్చేవాడిది కాబట్టి అది వెనకే ఉంది.

2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ, పరీక్ష జరిగేటప్పుడు మాత్రమే బుద్ధిగా నడుచుకునే సాఫ్ట్‌వేరును సుమారు 1 కోటి 10 లక్షల డీజిలు కార్లలో పెట్టినట్లు ఒప్పుకుని తల దించుకుంది. పాపం, వాళ్లకు అంత తెలివి ఎందుకు ఖర్చయిందంటే, అక్కడి పరీక్షల్లో నైట్రోజన్ ఆక్సైడ్లను కొలుస్తారు. మన పెట్రోలు బంకు పక్కన వ్యానులో ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్టుకు డీజిలు బండి పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు, అంతే. ఆ చిక్కదనపు కొలత బీఎస్-4 బండికి 1.62, అంతకుముందువాటికి 2.45 దాటకూడదు. నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ యంత్రం కంటికి ఆనవు. అందుచేత యూరియా పీకేసిన లారీ అబద్ధమాడకుండానే, పైసా లంచం ఇవ్వకుండానే, నిజాయతీగా పాసవుతుంది. చట్టంలో లేక కాదు: అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షను ఆరు నెలల దాకా జైలును గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానాను గానీ, రెండింటినీ గానీ రాసిపెట్టింది. ఆ సెక్షను కూడా అక్కడ ఊరికే ఉంది.

కంతులు కట్టలేక, సెన్సారు కోసం వారాల తరబడి బండిని నిలబెట్టుకోలేక ఈ పని చేయించే ఒంటిలారీ మనిషిని నేను తిట్టలేను, అతని గోడు వేరు. కానీ నా ఎదుట ఉన్నాయన తనకు ఏడు లారీలు ఉన్నాయనీ, ఇది ఆరోదనీ, నెలకు ఇంత మిగులుతుందనీ వేళ్లు మడిచి లెక్క చెబుతున్నాడు. అయ్యా, ఆ మిగులు ఎవరిది? మరూరు టోల్‌గేటు దగ్గర పొద్దున్నుంచి చీకటిపడేదాకా లారీల మధ్య తిరుగుతూ వేరుశనగ కాయలు అమ్మే ఆడమనిషి గొంతులోంచి తీసిన డబ్బు కాదా అది? దేశంలో గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఉన్నాయి. నైట్రోజన్ ఆక్సైడ్లకు ఎండ తోడైతే ఊపిరికి చేటు చేసే నేలమట్టపు ఓజోను పుడుతుంది, ఎండ మనకు ఎప్పుడైనా కరువైందా? వాన లేదు, నీళ్లు లేవు, గాలి ఒక్కటే పుష్కలంగా దొరికిన సీమలో దాన్ని కూడా లీటరుకింత అని అమ్ముకుతింటున్నారు, దానికి "ఊరికే" అని పేరు పెడుతున్నారు. సిగ్గుండాలి!

ఈ మాటలు నేను అక్కడ అనలేదు. నా సైలెన్సరు ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉంది.

ట్యాంకు అడుగున మిగిలిన ఐదారు లీటర్లను క్లీనరు బకెట్టులోకి వంపి, యజమాని పురమాయింపు మీద వేపచెట్టు మొదట్లో పోశాడు. క్యాబినును కిందికి దించారు. నల్లడబ్బాకు గ్యారంటీ ఎంతకాలమని యజమాని అడిగాడు. ఏడాది అని మెకానిక్కు చెప్పాడు. పొల్యూషన్ సర్టిఫికెట్టు గడువు కూడా ఏడాదే కాబట్టి, వచ్చే ఏడు రెండూ ఒకేసారి చూసుకుందాం లెమ్మని ఇద్దరూ ఒక మాట అనుకున్నారు.