మహారాజశ్రీ రూమ్ టెంపరేచర్ గారికి

మహారాజశ్రీ రూమ్ టెంపరేచర్ గారి దివ్య సముఖానికి, కోనసీమ వంటిళ్ల తరఫున రాసుకుంటున్న విన్నపం అండి. ఉభయకుశలోపరి. తమరి కుశలానికి లోటేమీ లేదని తెలుస్తూనే ఉంది, మధ్యాహ్నం రెండింటికి పొయ్యి గట్టు దగ్గర 36 డిగ్రీల మీద దర్జాగా కూర్చున్నారు. మా కుశలం ఈ ట్రేలో ఉందండి, చూసుకోండి. పన్నెండు కుకీ ముద్దలు సర్ది ఓవెన్‌లో పెడితే బయటికి ఒకటే కుకీ వచ్చింది. నాలుగు మూలలకీ పాకి, అంచులు మాడి, నడుమ నెయ్యి తేలి ఉంది. చాక్లెట్ చిప్స్ మటుకు వరద తీశాక లంకలో మిగిలిపోయిన దుంగల్లా అక్కడో ఇక్కడో కనిపిస్తున్నాయి.

రెసిపీలో రాసిన కొలతల్లో తేడా లేదండి. మైదా 250 గ్రాములు, బ్రౌన్ షుగర్ 100, పంచదార 50, గుడ్డు ఒకటి, సోర్ క్రీమ్ అనే పుల్లటి మీగడ 100, బేకింగ్ సోడా అర టీస్పూను, చిప్స్ 170. 35 గ్రాముల ముద్దలైతే ఇరవై నాలుగు దాకా వస్తాయి, ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్‌లో రెండు వాయిలు. ఇవన్నీ తూకానికి లొంగేవే. ఒక్క వరస దగ్గరే వచ్చింది పేచీ. బటర్ 115 గ్రాములు, రూమ్ టెంపరేచర్‌కి వచ్చేదాకా గంటసేపు బయట పెట్టాలట. గంటసేపటండీ! ఎవరింట్లో?

చాక్లెట్ చిప్ కుకీ అసలు పుట్టింది 1930ల చివర్లో, మసాచుసెట్స్‌లో విట్మన్ అనే ఊళ్లో, రూత్ వేక్‌ఫీల్డ్ గారి సత్రంలో. ఆ దేశపు గదుల్లో తమరు 20 డిగ్రీల దగ్గర ఒద్దికగా ఉంటారు. ఆ వేడికి బటర్‌ని వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, మెరవదు, జారదు. పని జరిగేదంతా అక్కడే, 18కీ 20కీ మధ్య. 32 దాటి 35కి చేరేసరికి గిన్నెలో మిగిలేది పచ్చటి నూనె, అడుగున తెల్లటి నీళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అన్లేదు కదండీ, 115 గ్రాముల బటర్ ఒక లెక్కా? మా దగ్గర తమరు ఆ 20 దరిదాపులకి దిగేది ధనుర్మాసంలో, తెల్లారగట్ట, ముగ్గు పెట్టే వేళకి. అదీ వాకిట్లో. ఆ వేళప్పుడు కుకీలు ఎవరు చేస్తారండి?

కరిగితే ఏం, మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుందిగా అని తమరు సెలవియ్యొచ్చు. గట్టిపడుతుంది, గాలి రాదు. సగం గట్టిగా, సగం మెత్తగా ఉన్న కొవ్వుని పంచదార పలుకులు చీల్చుకుంటూ పోతే అందులో సన్నటి గాలి బుడగలు చిక్కుకుంటాయి. మూడు నాలుగు నిమిషాలు బీటర్ తిప్పాక రంగు పాలిపోయి, గిన్నెలో పొంగినట్టు కనబడేది అందుకే. తరవాత సోడా చేసే పనల్లా ఆ బుడగల్ని ఊదడమే, కొత్తవాటిని పుట్టించడం దాని చేతకాదు. నూనెలో బుడగ నిలవదు కాబట్టి సోడాకి ఊదడానికి ఏమీ మిగలదు. పైగా ఓవెన్‌లో గుడ్డూ పిండీ బిగుసుకునేలోపే ఆ నూనె ముద్దని వెంటబెట్టుకుని పల్లానికి పోతుంది. సోర్ క్రీమ్ వేసేదే కుకీ మందంగా నిలబడి, మర్నాటికి కూడా మెత్తగా ఉండాలని. అందులో నూటికి డెబ్భై పాళ్లు నీళ్లే. మందంగా ఉన్న కుకీలో ఆ నీళ్లు లోపల దాక్కుంటాయి. పల్చబడ్డ కుకీలో అంచున ఆవిరైపోయి, నడుమ జిగటగా మిగులుతాయి. చూశారుగా ట్రే.

ఇరుగుపొరుగు వారి సలహాలు కూడా విన్నవించుకుంటాం. ఫ్యాన్ కింద పెట్టమంటారు. ఫ్యాన్ చల్లబరిచేది చెమట పట్టిన మనుషుల్ని. బటర్‌కి చెమట పట్టదు కదా, ఆ గాలికి ఫ్రిజ్‌ చల్లదనం ఇంకా ముందే పోతుంది. ఏసీలో కలుపుకోమంటారు. ఏసీ ఉండేది పడగ్గదిలో, అది 24లో ఉన్నా ఇంకా నాలుగైదు డిగ్రీలు ఎక్కువే. అయినా మంచం మీద మైదా జల్లించుకోవడం ఏం మర్యాదండి?

అసలు నీకు ఒక అంకె వేసుకోడానికి ఏం రోగం? ఓవెన్‌కి 175 అని రాస్తారు. పది నిమిషాలని రాస్తారు. ముక్కుకి కూడా ఆనని వెనీలాకి అర టీస్పూనని రాస్తారు. నీ దగ్గరికి వచ్చేసరికి అంకె ఉండదు, ఊరుండదు, నెలుండదు. రాజమండ్రి మే నెలా నువ్వే, ఎక్కడో మంచు కురిసే ఊరి మార్చి నెలా నువ్వే. పోయేది 115 గ్రాముల బటర్, 170 గ్రాముల చాక్లెట్, మధ్యాహ్నం నిద్ర. నీకేం పోతుంది?

నిన్ను పక్కన పెట్టి ఎలా చెయ్యాలో విను. ఫ్రిజ్‌లో బటర్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని సెంటీమీటరు ముక్కలుగా కోసి, ఎండాకాలమైతే ఆరేడు నిమిషాలు బయట ఉంచాలి, అంతే. ముల్లు గుచ్చే థర్మామీటర్ ఉంటే 16 చూపించగానే మొదలెట్టాలి. 18 దాకా ఆగకూడదు, బీటర్ రాపిడికీ నీ పుణ్యానికీ ఆ రెండు మూడు డిగ్రీలు అవే ఎక్కుతాయి. గిన్నె, బీటర్ పుల్లలు పావుగంట ముందే ఫ్రిజ్‌లో ఉండాలి. పక్కన బేసిన్‌లో ఐసు నీళ్లు పెట్టుకుని, బటర్ అంచు మెరిసిందంటే గిన్నెని అందులో అరనిమిషం ముంచి లేపాలి. సోర్ క్రీమ్ కూడా రూమ్ టెంపరేచర్‌లోనే ఉండాలంటుంది రెసిపీ. అక్కర్లేదు. చల్లగానే, స్పూను తరవాత స్పూను. కాస్త విరిగినట్టు కనబడినా మైదా పడగానే కలిసిపోతుంది. మైదా వేశాక పొడి కనబడకపోతే చెయ్యి ఆపెయ్యాలి, ఆ క్రీమ్ నీళ్లకి మైదా ఊరికే సాగుతుంది, రబ్బరవుతుంది. ముద్దలు చేసి ఫ్రిజ్‌లో గంట. ఓటీజీ స్విచ్ వేసేది ఆ గంట చివర్లోనే. ముందే వేస్తే వంటింట్లో నీ బలం ఇంకా పెరుగుతుంది. మొదటి వాయి ట్రే చల్లారకుండా రెండో వాయి సర్దినా అంతే సంగతులు.

పది పదకొండు నిమిషాలకి అంచులు బిగుసుకుని నడుమ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసెయ్యాలి. పులుపు వల్ల ఈ కుకీ పైన తొందరగా ఎర్రబడదు. ఎర్రబడాలని కూర్చుంటే బిస్కట్టవుతుంది. ఆరో నిమిషంలో కరెంటు పోతే తలుపు తియ్యకుండా ఉండటం తప్ప చెయ్యగలిగిందేం లేదు. కరెంటు వాళ్లకి ఉత్తరం వేరే ఉంది.

ఒక్కచోట మాత్రం నీకు దణ్ణం పెట్టాలి. కొట్లో సోర్ క్రీమ్ అడిగితే మయొనైజ్ చూపిస్తారు, కాబట్టి ఇంట్లో తోడెయ్యాల్సిందే. 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ 200 మిల్లీలీటర్లు, ఒక టేబుల్ స్పూను గేదె పెరుగు. చలికాలమైతే రాత్రంతా పట్టే పని, నువ్వుంటే నాలుగైదు గంటల్లో అయిపోతుంది. వెంటనే ఫ్రిజ్‌లోకి తోసి రాత్రంతా ఉంచితే చిక్కబడుతుంది. ఆ మాత్రం ఓపిక లేనివాళ్లకి పెరుగు మీది మీగడ ఉంది. ఒక్క రోజుదే సుమా. నెయ్యికని వారం పోగేసిన మీగడ వేస్తే ఆ వాసన ఏ వెనీలాకీ లొంగదు. పులుపు ఎక్కువైందని సోడా పెంచకూడదు. అర టీస్పూనులో సుమారు సగం పులుపుని విరవడానికి పోతుంది, మిగతాది రంగుకి. ఇంకా వేస్తే సబ్బు రుచి.

చిప్స్ విషయంలోనూ నీ సాక్ష్యం పనికొచ్చింది. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీ ఎదుట గంటసేపు కూర్చుని కూడా చెక్కు చెదరని చిప్స్ కాంపౌండ్ సరుకు, కోకో బటర్ బదులు వేరే కొవ్వు. మేం తెచ్చిన రెండో ప్యాకెట్టు అలాంటిదే, ఇంకా గట్టు మీదే ఉంది, నిమ్మకు నీరెత్తినట్టు.

అంచేత రెసిపీల్లోంచి తప్పుకో. నువ్వున్న చోట 16 అని రెండంకెలు చాలు. క్రీమ్ తోడెయ్యాల్సి వస్తే కబురు పెడతాం, వచ్చి నాలుగు గంటలుండి పో. బటర్ బయట ఉన్నప్పుడు మాత్రం ఈ గుమ్మం తొక్కకు.

ఇట్లు,
కోనసీమ వంటిళ్లు

తా.క.: గుడ్డు కూడా గంటసేపు నీ దగ్గరే ఉంచమని రాశారు. ఫ్రిజ్‌లోంచి తీసి కొట్టేశాం.