పదకొండు గంటల గోలీ

రాత్రి పన్నెండున్నర. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ వెనక గల్లీలో ఒక ఇంట్లో వంటింటి లైటు వెలుగుతోంది. దొంగలు పడ్డారనుకొని నానమ్మ పచ్చడి బండ పట్టుకొని మెల్లగా వెళ్లి చూసింది. తొమ్మిదేండ్ల మనవడు పోపుల డబ్బా ముందేసుకొని, బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. జీలకర్రలో కలిసిపోయిన ఆవాలను ఒక్కొక్కటే ఏరి పక్కకు పెడుతున్నాడు.

“ఏం చేస్తున్నవ్ రా బిడ్డా, ఈ యాళ?”

“రెండూ కలిసిపోయినయ్ నానమ్మా. అయిపోవచ్చింది. నువ్వు పో, పండు.”

స్కూలు సంచికి జిప్పు పెట్టడం ఒకటో తరగతి నుంచి ఇవాళ్టి దాకా మరిచిపోతూనే ఉన్న పిల్లాడు. పళ్లెం ముందు మూడు నిమిషాలు కూర్చుంటే నాలుగో నిమిషానికి గేటు దగ్గర తేలే పిల్లాడు. వాడు అర్ధరాత్రి ఆవాలు ఏరుతున్నాడంటే నానమ్మకు అనుమానం కాదు, నిర్ధారణే అయిపోయింది. గాలి సోకింది.

గాలేమీ సోకలేదు. గోలీ ఆలస్యమైంది.

పిల్లాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవదు, కుదురుండదు. దానికి మన దగ్గర రాసే మందుల్లో ఒకటి మిథైల్‌ఫెనిడేట్. ఇందులో పొట్టి గోలీ, పొడుగు గోలీ అని రెండు జాతులు. పొట్టిది వేసిన అరగంట నుంచి గంటలోపు ఎక్కి, 3–4 గంటల్లో దిగిపోతుంది. పొడుగుది మందును కొంచెం కొంచెం వదులుతూ, తయారీని బట్టి 8 నుంచి 12 గంటలు నడుస్తుంది. ఈ పిల్లాడిది 12 గంటల రకం. బడి రోజుల్లో పొద్దున 7కు వేస్తే సాయంత్రం 7కు దిగుతుంది, తొమ్మిదిన్నరకు నిద్ర. ఆదివారం 11కు వేస్తే రాత్రి 11కు దిగుతుంది. రెండో తరగతి కూడిక. కాకపోతే ఆ రోజు గోలీ వేసే పని నాన్నది, ఆయన హైస్కూల్లో లెక్కల సారు. పదో తరగతి పైన వచ్చే లెక్కలైతే వెంటనే పట్టేసేవాడు.

అమ్మ మిర్యాలగూడలో పెండ్లికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ మీద చీటీ అంటించింది: “ముందు టిఫిన్, తర్వాత గోలీ.” నాన్న ఆ చీటీని అక్షరం పొల్లు పోకుండా పాటించాడు. టిఫిన్ పదిన్నరకు తెచ్చాడు, గోలీ పదకొండుకు వేశాడు. చీటీలో టైము లేదు కదా!

మరిచిపోయిన పొడుగు గోలీ పొద్దున్నే గుర్తొస్తే వేయొచ్చు. ఎన్ని గంటలు దాటితే ఆ రోజుకు వదిలేయాలో డాక్టరును ముందే అడిగి అదే చీటీ మీద రాసుకోవాలి. మధ్యాహ్నం అయిందంటే మాత్రం ఆ రోజు గోలీ ఇక లేనట్టే. మర్నాడు రెండూ కలిపి వేయడం అసలే వద్దు. ఇది బస్సు టికెట్టు కాదు, నిన్నటి బాకీ ఇవాళ కట్టడానికి.

చీటీలోని మొదటి సగం మాత్రం బంగారంలాంటి మాట. ఈ మందుకు అందరికంటే ముందు వచ్చే చుట్టం ఆకలి చచ్చిపోవడం. గోలీ ఎక్కాక పిల్లాడికి అన్నం ఒక వస్తువు, అంతే. చూస్తాడు, గౌరవిస్తాడు, తినడు. అందుకే అమ్మ రోజూ పొద్దున ఆరున్నరకే, గోలీ కంటే ముందే, అసలు భోజనం పెట్టేస్తుంది. రెండు గుడ్లు, నెయ్యి రాసిన జొన్నరొట్టె, పల్లీల చట్నీ, మీగడ తీయని పాలు ఒక గ్లాసు. ఏడు గంటలకు గోలీ. కడుపులో ఏదో ఒకటి ఉంటే కడుపునొప్పి కూడా తక్కువ.

ఇంట్లో అసలు యుద్ధం మధ్యాహ్నం డబ్బా మీద. నానమ్మ మూడంతస్తుల టిఫిను కడుతుంది. కింద అన్నం, మధ్యలో పప్పు, పైన బెండకాయ వేపుడు. సాయంత్రం నాలుగున్నరకు ఆ మూడంతస్తులూ ఎట్లా పోయినవి అట్లా తిరిగొస్తాయి. నానమ్మ మూత తీసి, ఒక్కో అంతస్తుకు ఒక్కో రాగం తీస్తుంది. “పోరడు చిక్కి సగమైండు, బొక్కలు దేల్తున్నయ్. దిష్టి దగిలింది.” ఉప్పు, మిరపకాయలు తెచ్చి దిష్టి తీస్తుంది. తీస్తున్నంత సేపూ పిల్లాడు కదలకుండా నిలబడతాడు. అది చూసి నానమ్మకు ఇంకా భయం.

మధ్యాహ్నం ఆకలి అట్టడుగున ఉంటుంది కాబట్టి అప్పుడు బలవంతపెడితే మిగిలేది ఏడుపే. చిన్న డబ్బా చాలు. గుప్పెడు శనగ గుడాలు, ఒక పల్లీపట్టి, అరటిపండు. కొంచెమే అయినా బలమున్నది, రెండు నిమిషాల్లో నోట్లో వేసుకునేది. క్లాసు టీచరుకు ఒక మాట చెప్పి పెట్టాలి, లేదంటే “డబ్బా ఖాళీ చేయనిదే ఆటకు పంపను” అని ఆమె ఇంకో యుద్ధం మొదలుపెడుతుంది. సాయంత్రం ఏడు దాటి మందు దిగాక చూడాలి ఆకలి! నాగార్జునసాగర్ 26 గేట్లూ ఒక్కసారే ఎత్తినట్టు వస్తుంది. అప్పుడు పెట్టాలి పప్పూ, అన్నం, నెయ్యి. తొమ్మిదింటికి ఇంకో విడత, పెరుగన్నమో పాలో. రోజు మొత్తం మీద లెక్క సరిపోయిందా లేదా అన్నది ముఖ్యం, మధ్యాహ్నం డబ్బా కాదు. అయితే నానమ్మ మాటను పూర్తిగా కొట్టేయడానికీ లేదు. ఈ మందు మీద కొందరు పిల్లలు బరువు తగ్గుతారు, ఎత్తు పెరగడం కాస్త నెమ్మదిస్తుంది. కాబట్టి నెలకోసారి ఒకే కాటా మీద తూకం, ఆర్నెల్లకోసారి గోడ మీద పెన్సిలు గీత. నిన్న దవాఖాన కాటా, ఇవాళ కిరాణా కొట్టు కాటా అంటే, పిల్లాడు కిలో తగ్గాడో కొట్టువాడు కిలో తగ్గించాడో తేలదు.

ఇక ఆ సాయంత్రం ఏడు గంటల సంగతి. మందు దిగేటప్పుడు కొందరు పిల్లలకు తిరుగుదెబ్బ కొడుతుంది. పగలంతా పట్టి ఉంచిన చిరాకు, ఏడుపు, అల్లరి వడ్డీతో సహా బయటికొస్తాయి. చెప్పు ఒకటి వరండాలో, ఇంకొకటి పక్కింటి వరండాలో. చెల్లె రిమోట్ ముట్టుకుంటే ప్రపంచం మునుగుతుంది. సరిగ్గా ఇదే గంటకు, అంటే ఆరున్నర నుంచి ఏడున్నరకు, నాన్న ట్యూషన్ పెట్టించాడు. గోలీ ఇచ్చిన ఏకాగ్రత అంతా బడి వాడుకుంది, ట్యూషన్ సారుకు మిగిలింది మడ్డి. “మీ బాబుకు మందు పనిచేస్తలేదు సార్” అని ఆయన తీర్పు. పనిచేసి, అలసిపోయి, ఇంటికి వెళ్లిపోయింది సార్! ఆ గంటకు కావలసింది తిండి, నీళ్లు, వీధిలో కాసేపు సైకిలు. ట్యూషన్ అంత తప్పనిసరైతే ఐదింటికి మార్చుకోవాలి. తిరుగుదెబ్బ రోజూ, గట్టిగా ఉంటే డాక్టరు మోతాదో రకమో మారుస్తారు. అది ఇంట్లో గోలీ సగం విరిచి చేసుకునే సవరణ కాదు.

విరవడం అంటే గుర్తొచ్చింది. పిల్లాడు గోలీ మింగనని మొండికేసిన రోజున నానమ్మ దాన్ని కల్వంలో వేసి, బెల్లం కలిపి నూరబోయింది. అమ్మ పరుగెత్తుకొచ్చి చేతిలోది గుంజుకుంది. పొడుగు గోలీని నూరినా నమిలినా, 12 గంటల మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. గుండె దడ, వణుకు, తలనొప్పి అన్నీ వస్తాయి. లోపల పూసలుండే కొన్ని క్యాప్సూళ్లను మాత్రం విప్పి, చెంచాడు మెత్తటి తిండి మీద చల్లి, నమలకుండా మింగించొచ్చు. ఏది ఏ రకమో మందుల షాపులో అడిగి తెలుసుకోవాలి. పక్కింటి అమ్మాయి ఇదే ఏడీహెచ్‌డీకి వేసుకునే అటామాక్సెటిన్ క్యాప్సూల్ మాత్రం విప్పొద్దు, ఆ పొడి కంట్లో పడితే మంట. అది జాతే వేరు. అన్నం తిన్నాక వేయాలి, లేదంటే వాంతొచ్చినట్టుంటుంది. గుణం పూర్తిగా కనిపించడానికి వారాలు పడుతుంది, కొందరికి మత్తు కూడా వస్తుంది. ఆ పిల్ల ఏడింటికే నిద్రపోతుంటే నానమ్మ రోజూ పోలుస్తుంది: “వాళ్ల గోలీ మంచిది. మనది మోసం.”

మోసం అనడానికి నానమ్మ దగ్గర సాక్ష్యం కూడా ఉంది. కొన్ని పొడుగు గోలీల పైపొర కరగదు. మందంతా సన్నటి రంధ్రం గుండా బయటికి పోయాక, ఖాళీ డొల్ల గోలీ ఆకారంలోనే దొడ్డికి వస్తుంది. ఒకనాడు పిల్లాడు బాత్రూంలోంచే అరిచాడు, “నానమ్మా, గోలీ అట్లనే వచ్చింది!” అంతే, వాడకట్టంతా విని పైసలు దండుగని తీర్మానం చేసింది.

బత్తాయి గొడవ ఇంకొకటి. ఈ మందుకు నోరెండుతుంది. దానికి నల్లగొండ ఎండ తోడైతే మే నెలలో పెదవులు నెర్రెలు బారిన చెరువే. నీళ్ల సీసా చేతిలో ఉండాలి. తిండీ నీళ్లూ రెండూ మానేసిన పిల్లాడికి నాలుగింటికి తలనొప్పి వస్తే తప్పు మందు ఒక్కదానిదే కాదు. నానమ్మ బత్తాయి రసం తీస్తే, నాన్న ఫోన్లో ఎవరో పంపిన మెసేజ్ చూపించి ఆపేశాడు: “పుల్లటి పండ్లు తింటే మందు పనిచేయదు.” ఆ హెచ్చరిక ఏడీహెచ్‌డీకి బయటి దేశాల్లో రాసే యాంఫెటమిన్ జాతి మందులది. అవి మన మందుల షాపుల్లో అమ్మరు. మిథైల్‌ఫెనిడేట్‌కూ బత్తాయికీ పేచీ లేదు. బత్తాయి తోటల జిల్లాలో బత్తాయి మీద నిషేధం పెట్టిన మొదటి ఇల్లు ఇదే అయ్యుంటుంది. అదే నాన్న సాయంత్రం సాసర్లో చాయ్ పోసి పిల్లాడికిస్తాడు. ఆపాల్సింది దాన్ని. చాయ్‌లోని కెఫీన్ ఈ మందుకు జత చేరితే గుండె దడ, నిద్రలేమి రెండూ పెరుగుతాయి. ముక్కు దిబ్బడ విప్పే జలుబు గోలీలూ కొన్ని అంతే, అడగకుండా వేయొద్దు.

ఫోన్ పట్టుకుంటే నాన్నకు చరిత్ర కూడా కనబడుతుంది. 1944లో స్విట్జర్లాండ్‌లో పానిజాన్ అనే ఆయన ఈ మందు తయారుచేసి, దానికి భార్య రీటా పేరు మీద రిటాలిన్ అని పెట్టాడని చదివి వినిపించాడు. అమ్మ తలెత్తకుండానే అంది, “ఆయన పెండ్లాం పేరు మందుకు పెట్టిండు. మీరు బండికి మీ అమ్మ పేరు రాయించిన్రు.”

మందు దొరకడం వేరే పురాణం. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్న జాబితాలోది. డాక్టరు చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి షాపువాళ్లు రెండేండ్లు దాచిపెట్టాలి. దానికి వేరే లైసెన్స్ ఉండాలి కాబట్టి అన్ని షాపుల్లో దొరకదు. అడిగితే కౌంటర్ మీది పిల్లవాడు ఓసారి చీటీనీ, ఓసారి మొహాన్నీ, ఓసారి బయట పోలీసు జీపునూ చూస్తాడు. ఇక్కడ లేకపోతే హైదరాబాద్, వంద కిలోమీటర్లు. అందుకే అట్టలో పది గోలీలు మిగిలి ఉండగానే కదలాలి, ఆఖరి గోలీ వేసి చౌటుప్పల్ ట్రాఫిక్‌లో కూర్చుంటే లాభం లేదు. బీరువాకు తాళం వేసుకోవాలి. గ్రూప్స్‌కు చదివే మేనబావ ఒకడు ప్రతి ఇంట్లో ఉంటాడు. “అత్తమ్మా, పరీక్ష ముంగట నాకొక్కటియ్యరాదు?” ఒక్కటి కాదు, సగం కూడా ఇవ్వకూడదు. ఒకరి చీటీ మీది మందు ఇంకొకరికివ్వడం నేరం, పైగా వాడి బీపీ ఎంతో ఎవరికి తెలుసు?

మళ్లీ ఆ రాత్రికొస్తే, నాన్న లేచి వచ్చి ముందు చేయి పట్టుకొని నాడి చూశాడు. పదిహేను సెకన్లు లెక్కబెట్టి నాలుగుతో గుణించాడు. ఇక్కడ మాత్రం లెక్కల సారు పనికొచ్చాడు. 92. ఊరికే కూర్చున్నప్పుడు కూడా 120 దాటి అట్లాగే ఉన్నా, ఛాతీ నొప్పి అన్నా, కళ్లు తిరిగి పడిపోయినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, బతకాలని లేదన్నా తెల్లారేదాకా ఆగకుండా దవాఖానకు పోవాలి. ఆవాలు ఏరడం ఆ జాబితాలో లేదు. లైటు తగ్గించి, గోరువెచ్చటి పాలిచ్చి, ఫోన్ చేతికివ్వకుండా పక్కన పండుకోబెడితే ఒకటిన్నరకు నిద్రపోయాడు.

సోమవారం అమ్మ వచ్చేసరికి నానమ్మ ఫిర్యాదుతో సిద్ధం. “నాలుగొద్దులల్ల అమాస. చెర్వుగట్టు శివుని గుడికి తీస్కపోయి గుట్ట మీద నిద్ర జేపిద్దాం.”

“ఇంట్ల పండనోడు గుట్ట మీద పంటడా అత్తమ్మా?” అని అమ్మ ఫ్రిజ్ మీది చీటీ చించి కొత్తది అంటించింది. “6:30 టిఫిన్, 7:00 గోలీ. ఆదివారం గూడ. 9 దాటితే డాక్టర్‌కు ఫోన్.” కింద ఇంకో గీత కొట్టి నోట్‌బుక్ వేలాడదీసింది. గోలీ ఎన్నింటికి, ఏం తిన్నాడు, ఎన్నింటికి పడుకున్నాడు, సాయంత్రం కోపం ఎంత. రోజుకు ఒక్క వరుస. తర్వాతిసారి డాక్టరు ముందు “తింటలేడు సార్” అనడానికి బదులు ఆ నోట్‌బుక్ పెడితే చాలు. నానమ్మ ఇంకో మాట కలిపింది, “గోలీ వేసినంక నవ్వుతలేడు, రాయి లెక్క గూసుంటుండు, అది గూడ రాయి.” నవ్వు పోయిందంటే మోతాదు ఎక్కువైందేమో చూడాలి. ఆ రోజు ఇంట్లో అందరికంటే పనికొచ్చే మాట అన్నది ఆమే.

అందరూ అటు పోయాక నానమ్మ పోపుల డబ్బా తెరిచింది. ఒక గిన్నెలో ఆవాలు, ఒక గిన్నెలో జీలకర్ర, ఒక్క గింజ అటూ ఇటూ లేదు. కాసేపు చూసి, నాన్నను పక్కకు పిలిచింది.

“కొడుకా, వచ్చే ఐతారం గూడ పదకొండుకే వెయ్యిరా. కందిపప్పుల రాళ్లున్నయి.”